నంబరు ఇచ్చినవాణ్ణే అడగాలి

మన దేశంలో ఒక రైలు టికెట్ మీద ఆరుగురి దాకా ప్రయాణం చేయవచ్చు. ఆరుగురికీ కలిపి పీఎన్ఆర్ ఒక్కటే, పది అంకెల నంబరు. పేర్లు వేరు, వయసులు వేరు, బెర్తులు వేరు. కానీ బండి, తేదీ, కట్టిన సొమ్ము అందరికీ ఉమ్మడి. ఇలాంటి సమాచారాన్ని కంప్యూటర్‌లో దాచడానికి ప్రోగ్రామర్లు సాధారణంగా రెండు పట్టికలు వేసుకుంటారు. టికెట్ వివరాలకు ఒకటి, ప్రయాణికుల వివరాలకు ఇంకొకటి. ప్రయాణికుడి పేరు పక్కన అతనిది ఏ టికెటో తెలిపే నంబరు రాస్తే రెండు పట్టికలూ ముడిపడతాయి. రైల్వేవారి అసలు పట్టికలు ఇలాగే ఉంటాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. విషయం అర్థం చేసుకోవడానికి ఇంత బొమ్మ చాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రయాణికుల వరుసలు రాయాలంటే టికెట్ నంబరు చేతిలో ఉండాలి. ఆ నంబరు టికెట్ వరుసను పట్టికలో చేర్చాకే పుడుతుంది. పుట్టించేది డేటాబేస్, వాడుకోవాల్సింది వెబ్‌సైట్ వెనుక నడిచే ప్రోగ్రాం. అప్పుడే పుట్టిన ఆ నంబరు ప్రోగ్రాంకు ఎలా తెలియాలి? షాపింగ్ సైట్‌లో ఆర్డరు, అందులోని వస్తువులు. ఆసుపత్రిలో రోగి, అతనికి రాసిన పరీక్షలు. కాలేజీలో విద్యార్థి, అతను కట్టిన ఫీజులు. ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. దీనికి తప్పు జవాబు చాలా తేలిగ్గా తడుతుంది. పైగా పరీక్షించేటప్పుడు బాగానే పనిచేస్తుంది. అందుకే దీన్ని నిదానంగా చూడాలి.

నంబరుతోనే ఎందుకు ముడి?

1970లో ఐబీఎం సంస్థ శాన్ హోసే పరిశోధనాశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. ఈనాటి డేటాబేస్‌లలో ఎక్కువ భాగానికి పునాది అదే. అంతకుముందు ఒక రికార్డు నుంచి దానికి సంబంధించిన మరో రికార్డుకు పోవాలంటే, లోపల వాటిని కలుపుతూ వేసిన దారి ఏమిటో ప్రోగ్రాంకు తెలియాలి. ఆ దారి మారితే ప్రోగ్రాం తిరగరాయాలి. కాడ్ దారులు వద్దన్నాడు. సమాచారమంతా పట్టికల్లో ఉండాలని, ఒక పట్టికలోని విలువ ఇంకో పట్టికలో కనిపిస్తే అదే ముడి కావాలని ప్రతిపాదించాడు. వరుసను గుర్తించే విలువ ప్రైమరీ కీ. అదే విలువను వేరే పట్టికలో రాసుకుంటే అది ఫారిన్ కీ. ఈ కృషికి 1981లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

మరి మనిషిని పేరుతో గుర్తిస్తే కాదా? ఒకే పేరు వందల మందికి ఉంటుంది. ఫోన్ నంబరుతో? అది మారుతుంది. చిరునామా అంతకంటే తొందరగా మారుతుంది. మారే విలువను కీగా పెట్టుకుంటే, మారినప్పుడల్లా దాన్ని రాసుకున్న ప్రతి పట్టికా దిద్దాలి. అందుకే ఏ అర్థమూ లేని అంకెను గుర్తుగా పెట్టుకోవడం మేలు. ఆధార్‌లో చేసింది ఇదే. దాని 12 అంకెల్లో పుట్టిన తేదీ గానీ, రాష్ట్రం గానీ, కులమతాలు గానీ దాచలేదు. మనిషి ఊరు మారినా, పేరు దిద్దించుకున్నా ఆ నంబరు మాత్రం అదే.

నంబరు పుట్టే తీరు

నంబరును డేటాబేసే పుట్టించే ఏర్పాటును మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఆటో ఇంక్రిమెంట్ అంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఐడెంటిటీ. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో సీక్వెన్స్. పేరేదైనా లోపల ఉండేది ఒక లెక్కపెట్టే యంత్రం. కొత్త వరుస వచ్చినప్పుడల్లా అది తర్వాతి అంకె ఇచ్చి తాను ముందుకు జరుగుతుంది. ఒకే క్షణంలో వంద మంది అడిగినా వందకూ వేర్వేరు అంకెలే ఇస్తుంది. అంకె తీసే ఆ కాస్త సమయం మాత్రమే మిగతావారిని ఆపుతుంది, వెంటనే వదిలేస్తుంది.

బ్యాంకులో టోకెన్ ఇచ్చే యంత్రాన్ని తలచుకోండి. 41వ టోకెన్ తీసుకున్నవారు విసుగొచ్చి వెళ్లిపోయినా తర్వాతివారికి 42 వస్తుంది గానీ మళ్లీ 41 రాదు. డేటాబేస్ కూడా అంతే. నంబరు తీసుకున్నాక డబ్బు చెల్లింపు విఫలమై టికెట్ రద్దయినా, ఆ నంబరు వెనక్కి రాదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

తేలిగ్గా తట్టే తప్పు

ప్రోగ్రాం టికెట్ వరుసను చేర్చింది. దాని నంబరు కావాలి. కొత్తగా ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నవారు ఇలా ఆలోచిస్తారు: నంబర్లు పెరుగుతూ పోతాయి కదా, పట్టికలో అన్నిటికంటే పెద్దది నేను ఇప్పుడు చేర్చినదే అయి ఉంటుంది. కాబట్టి డేటాబేస్‌ను 'నీ దగ్గరున్న అతిపెద్ద ఐడీ ఎంత?' అని అడుగుతారు. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌లో దీనికి మ్యాక్స్ అనే మాట ఉంది. సొంత ల్యాప్‌టాప్‌లో పరీక్షిస్తే ప్రతిసారీ సరైన జవాబే వస్తుంది. ఎందుకంటే అక్కడ వాడేది ఒక్కరే.

ఇప్పుడు సైట్‌ను జనం మధ్యకు తెద్దాం. విజయవాడలో ఒకరు నలుగురికి, వరంగల్‌లో ఒకరు ఇద్దరికి ఒకేసారి టికెట్లు కొంటున్నారు. పట్టికలో చివరి నంబరు 5000.

మొదట, విజయవాడవారి టికెట్ వరుస చేరింది. దానికి 5001 వచ్చింది.
రెండు, వరంగల్‌వారి టికెట్ వరుస చేరింది. దానికి 5002 వచ్చింది.
మూడు, విజయవాడవారి ప్రోగ్రాం 'అతిపెద్ద నంబరు ఎంత?' అని అడిగింది. జవాబు 5002.
నాలుగు, వరంగల్‌వారి ప్రోగ్రాం అదే అడిగింది. దానికీ 5002.
అయిదు, రెండు ప్రోగ్రాములూ తమ ప్రయాణికులను 5002 కిందే రాశాయి.

ఫలితం చూడండి. 5001 టికెట్‌కు డబ్బు అందింది, ప్రయాణికులు లేరు. 5002 టికెట్‌లో ఆరుగురు ఉన్నారు. అందులో నలుగురు ఎవరో అపరిచితులు. ఆరుగురి పరిమితి దాటలేదు కాబట్టి ఆ తనిఖీ కూడా పట్టుకోదు. ఫారిన్ కీ నిబంధన పెట్టినా లాభం లేదు. లేని టికెట్ నంబరు రాస్తే అది ఆపుతుంది గానీ, ఉన్న టికెట్టే అయి మనది కాకపోతే దానికి తెలిసే దారి లేదు. ప్రోగ్రాం ఆగలేదు, ఎక్కడా ఎర్ర అక్షరాలు కనబడలేదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో ఇదే జరిగితే ఒకరికి రాసిన రక్తపరీక్ష ఇంకొకరి పేరు కింద చేరుతుంది. తప్పులన్నిటిలో ఎక్కువ ప్రమాదకరమైనవి ఇలా చప్పుడు చేయనివే.

దీనికే ఇంకో రూపం కూడా ఉంది. అతిపెద్ద నంబరు ముందే అడిగి, దానికి ఒకటి కలిపి, అదే నంబరుతో వరుస చేర్చడం. ఇద్దరు ఒకేసారి అడిగితే ఇద్దరికీ 5000 అనే జవాబు వస్తుంది, ఇద్దరూ 5001 అని రాస్తారు. ఆ ఐడీ ప్రైమరీ కీ అయితే ఒకరి టికెట్ తిరస్కరణకు గురవుతుంది, కనీసం తప్పు బయటపడుతుంది. కాకపోతే ఒకే నంబరుతో రెండు టికెట్లు పుడతాయి.

ఇలా ఇద్దరి అడుగులు ఒకదానిలో ఒకటి జొరబడి ఫలితం మారిపోవడాన్ని కంప్యూటర్ శాస్త్రంలో రేస్ కండిషన్ అంటారు. రద్దీ తక్కువగా ఉన్నప్పుడు అది కనబడదు. పండగ రోజుల్లో, తత్కాల్ వేళల్లో బయటపడుతుంది. సైట్‌ను జనం బాగా నమ్ముకునే సమయాలు అవే.

సరైన జవాబు ఎవరి దగ్గరుంది?

నంబరు ఇచ్చింది డేటాబేస్. ఎవరికి ఏది ఇచ్చిందో దానికి తెలుసు. కాబట్టి 'పట్టికలో పెద్దది ఏది?' అని కాక 'నాకు నువ్వు ఇచ్చింది ఏది?' అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య భూమ్యాకాశాలంత దూరం ఉంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ రెండో ప్రశ్న పేరు లాస్ట్ ఇన్‌సర్ట్ ఐడీ. ప్రోగ్రాం డేటాబేస్‌తో మాట్లాడడానికి ఒక కనెక్షన్ తెరుస్తుంది. ప్రతి కనెక్షన్‌కూ చివరగా పుట్టించి ఇచ్చిన నంబరును సర్వర్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. విజయవాడవారి కనెక్షన్‌లో అడిగితే 5001, వరంగల్‌వారి కనెక్షన్‌లో అడిగితే 5002. మధ్యలో వెయ్యి మంది వచ్చి టికెట్లు కొన్నా ఆ జవాబులు మారవు. నిజానికి చాలాసార్లు విడిగా అడగనక్కర్లేదు కూడా. వరుస చేరిందని చెబుతూ సర్వర్ పంపే చిన్న సందేశంలోనే ఆ నంబరు ఉంటుంది. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో ఇన్‌సర్ట్ ఐడీ అనే ఫంక్షన్ పిలిస్తే, అప్పటికే చేతికి వచ్చిన నంబరును అందిస్తుంది.

పోస్ట్‌గ్రెస్ ఇంకా చక్కటి పద్ధతి చూపింది. వరుసను చేర్చమని డేటాబేస్‌కు రాసే ఆదేశం, అంటే క్వెరీ, చివర రిటర్నింగ్ అని రాసి ఐడీ పేరు పెడితే, వరుస చేరడం, నంబరు రావడం ఒకే వాక్యంలో అయిపోతాయి. 2006లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి ఇది ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ నుంచి అవుట్‌పుట్ అనే మాట ఇదే పని చేస్తుంది. మరియాడీబీ 2020లో, మన ఫోన్ల నిండా ఉండే ఎస్‌క్యూలైట్ 2021లో రిటర్నింగ్‌ను చేర్చుకున్నాయి. ఇన్ని డేటాబేస్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఇదే దారి పట్టడం చూస్తే ఈ అవసరం ఎంత సాధారణమో తెలుస్తుంది.

ఈ దారిలోనూ తెలుసుకోవలసిన మెలికలు మూడున్నాయి.

మొదటిది కనెక్షన్ మారిపోవడం. పెద్ద సైట్లు ప్రతి పనికీ కొత్త కనెక్షన్ తెరవకుండా, తెరిచినవాటినే వంతులవారీగా వాడుకుంటాయి. వరుస ఒక కనెక్షన్‌లో చేర్చి, దాన్ని వదిలేసి, ఇంకో కనెక్షన్‌లో నంబరు అడిగితే వేరేవారి నంబరు రావచ్చు. చేర్చిన కనెక్షన్‌లోనే, వదలకముందే అడగాలి.

రెండోది ట్రిగ్గర్లు. ఒక పట్టికలో వరుస చేరగానే డేటాబేస్ తనంతట తాను ఇంకో పట్టికలో పద్దు రాసుకునేలా అమర్చుకోవచ్చు. ఆ పద్దుకూ ఒక నంబరు పుడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రెండు ఎట్ గుర్తులతో మొదలయ్యే పాత ఐడెంటిటీని అడిగితే, టికెట్ నంబరుకు బదులు పద్దు నంబరు చేతిలో పెడుతుంది. స్కోప్ ఐడెంటిటీని అడిగితే మనం రాసిన క్వెరీకి సంబంధించినదే ఇస్తుంది. ఐడెంట్ కరెంట్ అనే మూడోది ఎవరు చేర్చినా సరే ఆ పట్టికలో చివరగా పుట్టిన నంబరు చెబుతుంది. అంటే మనం మొదట చూసిన తప్పే మరో పేరుతో వచ్చిందన్నమాట.

మూడోది ఒకే క్వెరీలో చాలా వరుసలు చేర్చడం. నలుగురు ప్రయాణికులను ఒక్క వాక్యంలో చేర్చి మైఎస్‌క్యూఎల్‌ను లాస్ట్ ఇన్‌సర్ట్ ఐడీ అడిగితే, ఆ నలుగురిలో చివరివారిది కాక మొదటివారి నంబరు వస్తుంది. మాటను బట్టి చివరిదే వస్తుందనుకుంటే మోసపోతాం.

రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు

సరైన నంబరు చేతికొచ్చింది. ప్రయాణికులను రాసేలోగా కరెంటు పోయిందనుకోండి. ప్రయాణికులు లేని టికెట్ మిగులుతుంది. దీనికి మందు ట్రాన్సాక్షన్. టికెట్ చేర్చడం, ప్రయాణికులను చేర్చడం అన్నీ ఒక కట్టుగా కట్టి, అన్నీ కుదిరితే ఖాయం చేయమని, ఒక్కటి తప్పినా మొత్తం రద్దు చేయమని డేటాబేస్‌కు చెప్పడమే అది.

కొందరు ట్రాన్సాక్షన్ పెట్టాం కదా, ఇక మ్యాక్స్ అడిగినా ఫర్వాలేదనుకుంటారు. అది నిజం కాదు. చాలా డేటాబేస్‌ల మామూలు అమరికలో ఒక ట్రాన్సాక్షన్ నడుస్తుండగానే వేరేవారు ఖాయం చేసిన వరుసలు దానికి కనబడతాయి. కాబట్టి 5002 అక్కడా కనబడవచ్చు. ట్రాన్సాక్షన్ సగంలో ఆగకుండా కాపాడుతుంది. నంబరు ఎవరిదో చెప్పే బాధ్యత దానిది కాదు.

ఖాళీలు చూసి భయపడొద్దు

రద్దయిన టికెట్ నంబరు వెనక్కి రాదని చెప్పుకున్నాం. కాబట్టి పట్టికలో 5007 తర్వాత 5009 ఉంటే 5008ని ఎవరో తుడిచేశారని కాదు. వేగం కోసం ఒరాకిల్ సీక్వెన్స్ మామూలుగా 20 నంబర్లు ముందే తీసి పెట్టుకుంటుంది. సర్వర్ హఠాత్తుగా ఆగితే అందులో మిగిలినవి పోతాయి. ఇది లోపం కాదు. ఖాళీ లేకుండా ఇవ్వాలంటే ఒకరి పని ఖాయమో రద్దో తేలేదాకా మిగతావారందరినీ నిలబెట్టాలి. రద్దీ సైట్‌లో అది కుదిరే పని కాదు.

పన్ను బిల్లుల్లాంటి చోట్ల చట్టం వరుస తప్పని నంబర్లు అడుగుతుంది. అక్కడ బిల్లు నంబరుకు విడిగా ఒక ఏర్పాటు చేసుకోవాలి. ఐడీతో ఆ పని చేయించకూడదు.

ఇందుకు విరుద్ధమైన చిక్కు కూడా ఒకప్పుడు ఉండేది. 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ అనే నిల్వ పద్ధతి వాడే పట్టికల లెక్క సర్వర్ జ్ఞాపకంలోనే ఉండేది. చివరి వరుసను తుడిచేసి సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపితే, పట్టికలో మిగిలినవాటిలో పెద్ద నంబరు చూసి దాని తర్వాతిది ఇచ్చేది. అంటే పోయిన రికార్డు నంబరే కొత్త రికార్డుకు వచ్చేది. పాత నంబరును వేరే చోట రాసుకున్నవారికి అది పెద్ద ప్రమాదం. ఇప్పుడు ఆ లెక్కను డిస్కు మీదే భద్రపరుస్తున్నారు.

నంబర్లు నిండుకుంటే

మామూలు పూర్ణాంకానికి 32 బిట్ల చోటు ఇస్తే అందులో పట్టే అతిపెద్ద విలువ 2,147,483,647. రెండు వందల కోట్ల పైమాటే కదా అనిపిస్తుంది. 2018 నవంబరు 8న అమెరికాకు చెందిన బేస్‌క్యాంప్ అనే ఆన్‌లైన్ సేవలో ఒక పట్టిక సరిగ్గా ఆ అంకె దగ్గరకు చేరింది. కొత్త వరుసకు ఇవ్వడానికి నంబరు లేదు. దాదాపు 5 గంటల పాటు వాడుకరులు ఉన్నది చదవగలిగారు గానీ కొత్తగా ఏమీ రాయలేకపోయారు.

స్లాష్‌డాట్ అనే టెక్నాలజీ వార్తల సైట్‌లో 2006 నవంబరులో జరిగినది మన విషయానికి ఇంకా దగ్గర. అక్కడ వ్యాఖ్యల ఐడీని ముందుచూపుతో ఎప్పుడో 32 బిట్లకు పెంచారు. కానీ ఒక వ్యాఖ్య ఏ వ్యాఖ్యకు జవాబో తెలిపే నంబరును 24 బిట్లలోనే వదిలేశారు. వ్యాఖ్యలు 1,67,77,216 దాటగానే ఆ ముడి తెగింది. నంబరు పుట్టే చోటు ఒక్కటే చూసుకుంటే చాలదు. దాన్ని రాసుకునే ప్రతి చోటా అంతే వెడల్పు ఉండాలి.

వరుస నంబర్లు చెప్పకూడనివి చెబుతాయి

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు పట్టుబడిన జర్మన్ ట్యాంకుల మీది వరుస నంబర్లు సేకరించి, ఆ దేశం నెలకు ఎన్ని తయారు చేస్తోందో లెక్కగట్టాయి. 1942 ఆగస్టుకు గూఢచారుల అంచనా 1550. నంబర్లతో వేసిన లెక్క 327. యుద్ధం ముగిశాక జర్మన్ దస్తావేజుల్లో దొరికిన అసలు సంఖ్య 342. సైట్ చిరునామాలో ఆర్డరు నంబరు వరుసగా కనబడితే పోటీదారులు కూడా అదే పద్ధతిలో వ్యాపారం ఎంతో కనిపెట్టగలరు.

అంతకంటే పెద్ద ముప్పు ఇంకోటుంది. 2019 మేలో అమెరికాలోని ఫస్ట్ అమెరికన్ ఫైనాన్షియల్ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 88.5 కోట్ల ఆస్తి పత్రాలు బయటివారికి అందుబాటులో ఉన్నాయని తేలింది. ఒక పత్రం లింకులో ఉన్న నంబరులో ఒక అంకె మారిస్తే వేరేవారి పత్రం తెరుచుకునేది. లాగిన్ కూడా అక్కర్లేదు. నంబరు తెలిసినంత మాత్రాన చూసే హక్కు రాకూడదు. ప్రతిసారీ అడిగినవారు ఎవరో తేల్చుకున్నాకే చూపాలి. అలాగే డేటాబేస్ ఇచ్చిన కొత్త ఐడీని బ్రౌజరుకు పంపి, మళ్లీ అక్కణ్ణుంచి వచ్చినదాన్ని నమ్మి తర్వాతి క్వెరీలో పెట్టడం కూడా తప్పే. మధ్యలో ఎవరైనా దాన్ని మార్చగలరు.

ముందే పుట్టే నంబర్లు

డేటాబేస్‌ను అడిగే అవసరమే లేకుండా ప్రోగ్రామే నంబరు పుట్టించుకుంటే? యూయూఐడీ ఆ ఆలోచనే. దానికి 128 బిట్ల చోటు. నాలుగో రకంలో 122 బిట్లు పూర్తిగా యాదృచ్ఛికం. 5 పక్కన 36 సున్నాలు పెట్టినన్ని నంబర్లలోంచి ఒకటి తీస్తాం కాబట్టి రెండు చోట్ల ఒకటే వచ్చే అవకాశం లేనట్టే. టికెట్ చేర్చకముందే నంబరు చేతిలో ఉంటుంది కనుక ప్రయాణికులకూ అదే రాసుకోవచ్చు. అయితే దీనికీ ఖర్చుంది. ఇన్నోడీబీ వంటివి వరుసలను ప్రైమరీ కీ క్రమంలోనే డిస్కు మీద పేరుస్తాయి. యాదృచ్ఛిక నంబర్లతో ప్రతి కొత్త వరుసా ఎక్కడో మధ్యలో ఇరుక్కోవాలి, దాంతో పట్టిక పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది.

ట్విట్టర్ 2010లో స్నోఫ్లేక్ పేరుతో మధ్యేమార్గం కనిపెట్టింది. 64 బిట్లలో 41 కాలానికి, 10 యంత్రానికి, 12 ఒకే మిల్లీసెకనులో పుట్టే నంబర్ల లెక్కకు. కాలం ముందుంటుంది కాబట్టి నంబర్లు దాదాపు క్రమంలోనే పెరుగుతాయి. 2024 మేలో ప్రమాణంగా వచ్చిన ఏడో రకం యూయూఐడీలోనూ మొదటి 48 బిట్లు కాలానివే. కొత్తగా మొదలుపెట్టే పెద్ద ప్రాజెక్టులకు ఇది మంచి ఎంపిక. చిన్న సైట్‌కు మామూలు ఆటో ఇంక్రిమెంట్ చాలు, కాకపోతే 64 బిట్ల చోటు మొదటే ఇవ్వండి.

చేసి చూడండి

చదివి ఊరుకోకండి. మీ కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంటే రెండు కిటికీల్లో రెండు కనెక్షన్లు తెరవండి. మొదటి కిటికీలో ఒక వరుస చేర్చండి. రెండోదానిలో ఇంకోటి చేర్చండి. ఇప్పుడు మళ్లీ మొదటి కిటికీకి వచ్చి మ్యాక్స్ అడగండి, తర్వాత లాస్ట్ ఇన్‌సర్ట్ ఐడీ అడగండి. రెండు వేర్వేరు అంకెలు కనబడతాయి. మొదటిది అందరి పట్టికను గురించి చెప్పింది. రెండోది మీకు ఇచ్చినదాన్ని గురించి చెప్పింది.

ఆ తర్వాత మీరు ఇప్పటికే రాసిన ప్రోగ్రాములు తెరిచి, కొత్త ఐడీ కోసం మ్యాక్స్ వాడిన చోట్లన్నీ వెతికి మార్చండి. ఆ పట్టికల్లోని ప్రతి వరుస వెనుకా ఒక ప్రయాణికుడో, రోగో, విద్యార్థో ఉంటారు. వారి వివరాలు వారి పేరు కిందే ఉండేలా చూడడం ప్రోగ్రాం రాసేవారి కనీస బాధ్యత.